పావు చుట్టు

లోకంలో మొగుడూ పెళ్ళాలు దుప్పటి కోసం పోట్లాడుకుంటారు, ఫ్యాను వేగం కోసం పోట్లాడుకుంటారు, ఎవరి తరఫు చుట్టాలు ఎక్కువ తిన్నారన్న దాని మీద పోట్లాడుకుంటారు. మా అక్కా బావలకి అలాంటి చిల్లర విషయాలు కంటికి ఆనవు. వాళ్ళ పోట్లాటంతా బ్రేకుల్లో గాలి గురించే.

సంగతేమిటంటే, మా అక్కకి ట్రక్కు ఉంది, మా బావకి ట్రైలర్ ఉంది. ముందున్న ఇంజను బండి అక్క పేరు మీద ఉంది, నడిపేదీ ఆవిడే, ఇరవై రెండేళ్ళుగా. వెనక తగిలించే పన్నెండు చక్రాల ట్రైలర్ బావ పేరు మీద ఉంది. బావ నడపడు. ట్రైలర్‌కి ఇంజను లేనట్టే ఆయనకీ లేదు, ఎవరో ఒకరు లాగాలి. కాకపోతే ట్రైలర్ కిమ్మనకుండా వెనక వస్తుంది, బావ సలహాలు ఇస్తూ వస్తాడు.

నేను వాళ్ళిద్దరి మధ్యా నలిగే వాణ్ణి. అక్కకి తమ్ముణ్ణి, బావకి బావమరిదిని, వృత్తికి బ్రేకు మెకానిక్కుని. బండ్లు కొండ దిగుడు మొదలుపెట్టే ముందు రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి కనబడుతుంది, గుమ్మం మీద 'బ్రేకులు ఇక్కడ ధ్రువీకరించబడును' అని బోర్డు ఉంటుంది. అదే మనది. నన్ను ఆ చుట్టుపక్కల చెవి మేస్త్రి అంటారు. గేజీలూ గీజీలూ లేకుండా గొట్టానికి చెవి ఆనించి గాలి ఎంతుందో చెప్పేస్తానని పేరు. ఆ పేరు ఎవరు పుట్టించారో చెప్పను గానీ, పుట్టించినవాడికి నా షెడ్డులోనే కుర్చీ ఉంది, నా చొక్కాయే వేసుకుంటాడు.

పోట్లాట అర్థం కావాలంటే ఒక్క ముక్క తెలియాలి. డ్రైవరు పెడల్ తొక్కితే గాలి ముందు బండి బ్రేకులకీ పోతుంది, గొట్టాల్లోంచి వెనక బండి బ్రేకులకీ పోతుంది. వెనకది ముందుదానికంటే ఓ వెంట్రుకవాసి ముందుగా, ఓ చిటికెడు గట్టిగా పట్టాలి. లేకపోతే ముందు బండి ఆగుతానంటుంది, వెనకున్న ఇరవై ఎనిమిది టన్నులు పదమంటాయి. ఆ చిటికెడు ఎంతో తేల్చే మర, స్క్రూ అనుకోండి, క్యాబిన్ వెనకాల ఒక రబ్బరు టోపీ కింద ఉంటుంది, చిటికెనవేలు గోరంత. కుడికి తిప్పితే ట్రైలర్ ఎక్కువ పట్టుకుంటుంది, బావ లైనింగులు, అంటే చక్రాన్ని రాసుకుని ఆపే బ్రేకు పట్టీలు, అరుగుతాయి. ఎడమకి తిప్పితే భారం ట్రక్కు మీద పడుతుంది, అక్క లైనింగులు అరుగుతాయి. గోరంత మరకి ఇద్దరు యజమానులు, అందులోనూ ఆలుమగలు.

ఆ మరని ఆరేళ్ళ క్రితం నేనే సరిచేశాను. బండి నిండా బరువు పెట్టించి, రెండు వైపులా గేజీలు బిగించి, అంకెలు చూసి, చెమట తుడుచుకుంటూ సరిచేశాను. సరిగ్గా కుదిరింది. బుద్ధున్నవాళ్ళయితే దాని జోలికి మళ్ళీ పోరు.

మావాళ్ళు పోయారు. ప్రతి సోమవారం పొద్దున్న లోడు ఎక్కించుకుని వెళ్తూ అక్క షెడ్డు ముందు ఆగేది. "ఒరేయ్ తమ్ముడూ, వెనకది నెడుతోందిరా. ఓ పావు చుట్టు బిగించు. మీ బావకి చెప్పకు" అనేది. బండి ఖాళీగా నా షెడ్డు పక్క స్థలంలో నిలిపి ఉండగా శనివారం సాయంత్రం బావ వచ్చేవాడు. "ఏమోయ్ బావమరిదీ, నా లైనింగులు కాలిపోతున్నాయి. ఓ పావు చుట్టు వదులు చెయ్యి. మీ అక్కకి చెప్పకు" అనేవాడు. ఇద్దరికీ సరే అనేవాణ్ణి. సొంతవాళ్ళ దగ్గర కాదనే అలవాటు మా ఇంటా వంటా లేదు.

మొదటి ఏడాది నిజంగానే తిప్పాను. సోమవారం పావు చుట్టు కుడికి, శనివారం పావు చుట్టు ఎడమకి. ఏడాది తిరిగేసరికి మర ఎక్కడుందో అక్కడే ఉంది, నా మణికట్టు మాత్రం వాచింది. అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. ఎలాగూ అక్కడికే వచ్చే మరని తిప్పడం ఎందుకు?

అప్పటినుంచి తిప్పడం మానేసి తిప్పినట్టు చేయడం మొదలుపెట్టాను. ఇది తిప్పడం కంటే కష్టం. ముందు రబ్బరు టోపీ తియ్యాలి. స్పానరు మర మీద పెట్టి, భుజం కదిలించి, మరని మాత్రం కదిలించకుండా "హుఁ" అని మూలగాలి. గొట్టాన్ని రెండు సార్లు తట్టాలి. చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల ఎవరో రహస్యం చెబుతున్నట్టు తల ఊపాలి. ఆఖరికి టోపీ పెట్టెయ్యాలి. అక్క బండిని ఓసారి స్థలం చుట్టూ తిప్పుకొచ్చి "ఆఁ, ఇప్పుడు వెన్నలా ఉందిరా! నీ చేతిలో ఏదో ఉంది" అనేది. బావ శనివారం లైనింగు మీద వేలు పెట్టి చూసి "చూశావా, అప్పుడే చల్లబడింది" అనేవాడు. బండి అప్పటికి నాలుగు గంటలుగా కదలకుండా నిలబడి ఉండేది, చల్లబడక ఏం చేస్తుంది?

ఇలా ఐదేళ్ళు గడిచాయి. ఆ సంసారం ఎవరి వల్ల నిలబడిందో వాళ్ళకి తెలియదు గానీ నాకు తెలుసు. అద్దంలో మొహం చూసుకున్నప్పుడల్లా ఒక పెద్దమనిషి కనిపించేవాడు. లౌక్యం తెలిసినవాడు. ఎవరినీ నొప్పించడు, ఒంటికి నూనె మరక కూడా అంటనివ్వడు.

ఇక ఆ సోమవారం.

అక్క ఎనిమిదింటికి వచ్చింది. ట్రైలర్ మీద సిమెంటు తూములు, ఒక్కోటి మనిషి నిలబడి నడిచిపోయేంతవి. మామూలుగా అయితే క్యాబిన్ కిటికీలోంచే మొదలుపెట్టేది, బావ మీదా, బావ ట్రైలర్ మీదా, బావని కన్నవాళ్ళ మీదా. ఆ రోజు ఇంజను ఆపి, దిగి, నా దగ్గరికి నడిచొచ్చి నిలబడింది.

"నెడుతోందిరా" అంది.

"ప్రతి సోమవారం నెడుతూనే ఉంటుంది కదా" అన్నాను, టీ ఊదుకుంటూ.

"కాదురా. ఇవాళ నిజంగా నెడుతోంది. యార్డు వాలు దగ్గరే ఒక్క తోపు తోసింది. వీపుకి తెలిసింది నాకు."

"అంటే ఇన్నాళ్ళూ అబద్ధంగా నెట్టిందా?"

నా హాస్యానికి నేనే నవ్వుకున్నాను. అక్క నవ్వలేదు. అప్పుడైనా నా బుర్రలో దీపం వెలగాలి. వెలగలేదు, అందులో నూనె ఎప్పుడో అయిపోయింది. గేజీల పెట్టె బల్ల కిందే ఉంది. బయటికి తీస్తే దుమ్ము దులపాలి, బిగించాలి, అక్కని పెడల్ తొక్కమనాలి, ఇరవై నిమిషాల పని. టీ చల్లారిపోదూ?

లేచాను. టోపీ తీశాను. స్పానరు పెట్టాను. "హుఁ" అన్నాను. రెండు సార్లు తట్టాను. చెవి ఆనించాను, కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు మూలుగు బాగా కుదిరిందని కూడా అనుకున్నాను, సిగ్గులేని వాణ్ణి.

"వెళ్ళు. పావు కాదు, నీకోసం అర చుట్టు బిగించాను" అన్నాను.

అక్క నా కళ్ళలోకి చూసింది. "చాలంటావా?"

"నా చెవి మీద నమ్మకం లేదా?"

"నీ మీద లేకపోతే ఇంకెవరి మీదుందిరా" అని ఎక్కి వెళ్ళిపోయింది.

అరగంట తరువాత బావ స్కూటరు వచ్చింది. మొహం వెలిగిపోతోంది. సోమవారం బావ రావడం ఎప్పుడూ లేదు. స్టాండు వేసి, నా కుర్చీలో కూర్చుని, నా టీ గ్లాసులో మిగిలింది తాగి, గొంతు తగ్గించాడు.

"ఏమోయ్, మీ అక్కకి చెప్పనంటే ఒకటి చెబుతా."

"చెప్పు బావా."

"నువ్వు శనివారం తిప్పుతున్నావు గానీ నాకు ఈ మధ్య తేడా కనబడటం లేదయ్యా. నీ చెయ్యి పట్టు తప్పుతున్నట్టుంది, ఏమీ అనుకోకు. అందుకని నిన్న నేనే పడుకున్నా బండి కింద."

"పడుకుని?"

"ఆ రాడ్డు లేదూ? దాన్ని పై కన్నంలోంచి ఊడదీసి అడుగు కన్నంలో బిగించా. ఇక చూడు, లైనింగులు సగమే అరుగుతాయి. ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్ళూ నీకు తట్టలేదేమిటయ్యా?"

ట్రైలర్ ఇరుసు దగ్గర ఒక వాల్వు ఉంటుంది, దానికో రాడ్డు. బరువు ఎక్కితే బండి కిందికి దిగుతుంది, రాడ్డు వాల్వుని పైకి తోస్తుంది, బ్రేకులకి నిండా గాలి వెళుతుంది. ఖాళీ బండైతే సగం గాలే వెళుతుంది, చక్రాలు బిగుసుకుపోకుండా. ఆ రాడ్డుని అడుగు కన్నంలో బిగిస్తే, ఎంత బరువు ఎక్కించినా వాల్వు తన మీద ఏమీ లేదనే అనుకుంటుంది. మా బావ ఇరవై ఎనిమిది టన్నుల తూములు మోస్తున్న ట్రైలర్‌కి నువ్వు ఖాళీగా ఉన్నావని నచ్చజెప్పి వచ్చాడు. మనుషులకి నచ్చజెప్పడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు, వాల్వు మాత్రం వినేసింది.

అక్క నిజంగా నెడుతోందని చెప్పింది. ఐదేళ్ళలో మొదటిసారి నిజంగా నెట్టింది, నేను టోపీ తీసి పెట్టాను.

ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. స్టీరింగు పట్టుకుని ఫోను ఎత్తితే చెయ్యి విరగ్గొడతానని అక్కకి చెప్పింది నేనే. పది మంది చెప్పినా వినని మనిషి, నేను చెప్పింది మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తోంది.

"స్కూటరు తియ్యి" అన్నాను.

"ఎందుకూ?" అన్నాడు బావ.

ఎందుకో దారిలో చెప్పాను, ఆయన నడుపుతుంటే వెనక కూర్చుని, ఆయన చెవిలో అరుస్తూ. నలభై టన్నుల బండిని పట్టుకోవడానికి ఇద్దరు లావుపాటి మనుషులు ఒక బక్క స్కూటరు మీద బయలుదేరారు. ఎదురుగా వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వారు. ఎక్కుడు వచ్చినప్పుడల్లా నేను దిగి పరిగెత్తాను, దిగుడు వచ్చినప్పుడల్లా ఎక్కాను. నాకు ఏడుపొచ్చింది. గాలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయని సర్దిచెప్పుకున్నాను.

మూడో మలుపు దగ్గర కనబడింది. బ్రేకు తప్పిన బండ్ల కోసం రోడ్డు పక్కన గులకరాళ్ళు పోసిన దారి ఒకటుంది, అందులో ట్రక్కు ఇరుసుల దాకా కూరుకుపోయి ఉంది. ట్రైలర్ కొద్దిగా అడ్డంగా తిరిగింది. తూములు కదల్లేదు, గొలుసులు అక్క స్వయంగా బిగించింది మరి. అక్క క్యాబిన్ మెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతోంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. నేను రోడ్డు మీదే చతికిలబడ్డాను. దేవుడికి దణ్ణం పెట్టాలని కూడా తోచలేదు, ఉత్తినే కూర్చుండిపోయాను.

పక్కన రోడ్డు ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. తెల్ల వ్యాను, నలిగిన యూనిఫారం, చేతిలో అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు. ఆ క్లిప్పు కింద అక్క లైసెన్సు కార్డు.

"బ్రేకులు ఆఖరిసారి ఎవరు చూశారమ్మా?" అంటున్నాడు.

"ఇవాళ పొద్దున్నే చూపించానండీ. అదిగో, మా తమ్ముడే. వాడు చెవి పెట్టి చూశాడంటే ఇంక తిరుగుండదు. బ్రేకులో లోపం లేదు."

"మరి?"

"లోపం నాదే." అక్క తన కుడికాలి వైపు చూసుకుంది. "దిగుడు మొదలవగానే వెనకనుంచి తోస్తున్నట్టే అనిపించింది. కానీ తమ్ముడు పొద్దున్నే బిగించాడు కదా, తోయడానికి వీల్లేదు, ఇదంతా నా భ్రమ అని నాకు నేనే చెప్పుకున్నా. రెండో మలుపు దాకా అదే చెప్పుకుంటూ వచ్చా. మొదట్లోనే గేరు తగ్గించాల్సింది. తగ్గించలేదు. ఏది నిజంగా తోస్తోందో ఏది తోయట్లేదో కాలికి తెలియకుండా పోయిందండీ."

ఇన్‌స్పెక్టరు రాసుకుంటున్నాడు. "అయితే డ్రైవరు పొరపాటనే రాయాలి. వయసు యాభై నాలుగు. ఈ కాగితం వెళ్ళాక మీకు మళ్ళీ పరీక్ష పెడతారు."

"పరీక్షెందుకండీ. కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి. ఇవాళ గులకరాళ్ళలోకి పోయాను, రేపు ఎవరి పిల్లల మీదికో పోతే?"

ఇరవై రెండేళ్ళు. అక్కకి ఆ ట్రక్కు సీటు తప్ప సొంతమనేది ఏదీ లేదు. ఇల్లు బావ వాళ్ళది, ట్రైలర్ బావది, ఆఖరికి వంటింట్లో గిన్నెల మీద కూడా బావ వాళ్ళమ్మ పేరే ఉంటుంది. ఆ సీటులో కూర్చున్నప్పుడు మాత్రమే ఆవిడ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. దాన్ని ఇచ్చేస్తానంటోంది, నా మాట మీద గౌరవంతో.

నేను బావ వైపు చూశాను. బావ నా వైపు చూశాడు. ఇద్దరికీ తెలుసు, ఎవరి భాగం వాళ్ళకి తెలుసు. ఆయన చెబుతాడని నేనూ, నేను చెబుతానని ఆయనా, పోటీలు పడి నీళ్ళు నమిలాం. నాకు బోర్డు గుర్తొచ్చింది, చెవి మేస్త్రి అన్న పేరు గుర్తొచ్చింది. ఇన్‌స్పెక్టరు పెన్నుకి సిరా సరిగ్గా రావడం లేదు, విదిలిస్తున్నాడు. ఆ పెన్ను పూర్తిగా ఆగిపోతే బాగుండునని మొక్కుకున్నాను. నా ధైర్యం ఆ మాత్రానిది.

అప్పుడు బావ నోరు తెరిచాడు. హమ్మయ్య, చెబుతున్నాడు అనుకున్నాను. అక్క భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలే, ప్రాణం దక్కింది. వయసు మీద పడుతోంది కదా. కళ్ళు కూడా ఓసారి చూపించుకో" అన్నాడు.

అక్క తల ఊపింది. బుద్ధిగా, చిన్నపిల్లలా తల ఊపి, సంతకానికి చెయ్యి చాచింది. ఆ తల ఊపడం నేను చూడలేకపోయాను.

"అయ్యా, రాయొద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను తిప్పలేదు."

"ఏది తిప్పలేదు?"

"మర. ఇవాళ పొద్దున్న బిగించానని చెప్పాను. బిగించలేదు. ఐదేళ్ళుగా ఒక్కసారీ బిగించలేదు."

"ఐదేళ్ళుగా మరేం చేస్తున్నావు?"

"టోపీ తీసి పెడుతున్నాను."

ఇన్‌స్పెక్టరు పెన్ను అప్పుడు ఆగింది. అక్క నా వైపు చూడలేదు. నేను ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. "ఇవాళ నెడుతోందంటే నిజంగానే నెట్టింది. ట్రైలర్ కింద రాడ్డు చూడండి. అడుగు కన్నంలో ఉంటుంది. ఎవరు పెట్టారో ఈయన్ని అడగండి."

ఇన్‌స్పెక్టరు గులకరాళ్ళలో పడుకుని టార్చి వేసి చూశాడు. "కొత్త గీతలున్నాయే" అన్నాడు లోపల్నుంచి.

"గాలికి జారి ఉంటుంది" అన్నాడు బావ.

చాలా తెలివైన గాలి. నట్టు విప్పుకుని, రెండు కన్నాలు దాటి వచ్చి, మళ్ళీ స్పానరుతో బిగించుకుని వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు కూడా అంత గాలిని ఎప్పుడూ చూసి ఉండడు. వ్యానులోంచి గేజీలు తెచ్చి ముందొకటి, వెనకొకటి బిగించాడు.

"అమ్మా, ఎక్కి పెడల్ తొక్కండి."

అక్క ఎక్కింది. తొక్కింది.

"ముందు ఆరున్నర" అని చదివి, ట్రైలర్ చివరిదాకా నడిచి అక్కణ్ణుంచి అరిచాడు. "వెనక మూడు!"

"మళ్ళీ చదవండి" అంది అక్క క్యాబిన్లోంచి. వదిలి మళ్ళీ తొక్కింది. ఆరున్నర, మూడు. "ఇంకోసారి" అంది. ఆరున్నర, మూడు. మూడోసారి చదివాక నెమ్మదిగా దిగొచ్చి, ఇన్‌స్పెక్టరు క్లిప్పు కింద ఉన్న తన కార్డు లాక్కుని, జాకెట్టు లోపలి జేబులో పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు అడ్డం చెప్పలేదు. అప్పటిదాకా రాసిన కాగితం చింపి కొత్తది తీశాడు. అందులో నా పేరు రాశాడు, బావ పేరు రాశాడు, స్పెల్లింగు కూడా అడిగి మరీ రాశాడు.

అక్క నా ముందుకొచ్చి నిలబడింది. తిడుతుందని ఎదురుచూశాను. కొడుతుందని కూడా. ఆవిడ చెయ్యి నాకు చిన్నప్పటినుంచీ పరిచయమే.

"ప్రతి వారం బాగుందనేదాన్ని కదరా" అంది.

"అనేదానివి."

"నిజంగానే బాగుండేదిరా. నువ్వు తిప్పావనుకున్నాను కాబట్టి బాగుండేది. బ్రేకు పట్టుకుంటోందని దిగేదాన్ననుకున్నావా? నువ్వున్నావని ఆ కొండ దిగేదాన్ని."

తిట్టి ఉంటే బాగుండేది. నేను ఏదో అనబోయాను. "సరిచేస్తా అక్కా, ఇప్పుడే, గేజీలు పెట్టి..." అన్నాను.

"రాడ్డు నేను పెట్టుకుంటా. నువ్వు ముట్టుకోకు" అని స్పానరు అడిగి తీసుకుంది. బావకి పార ఇచ్చింది. పన్నెండు చక్రాల చుట్టూ గులకరాళ్ళు తవ్వడానికి బావకి సాయంత్రమైంది. ఆ రోజు ఆయన ఎవరికీ సలహా ఇవ్వలేదని ప్రత్యేకంగా చెప్పాలి.

తరువాతవి చిన్న విషయాలు. నా బోర్డు మూడు నెలలు దింపించారు. చెవి మేస్త్రి అన్న పేరు ఇంకా పిలుస్తారు గానీ, పిలిచే తీరు మారింది. పిలిచి నవ్వుతారు. బావ రాడ్డుకి, ఇక ఎవరూ విప్పకుండా, అక్క సీసం సీలు వేయించింది. ఇప్పుడు బావ లైనింగులూ అరుగుతున్నాయి, అక్క లైనింగులూ అరుగుతున్నాయి, సమానంగా, బ్రేకులు కనిపెట్టినవాడు అనుకున్నట్టే. ఆ ఇంట్లో దుప్పటి గురించి పోట్లాట మొదలైందని విన్నాను, మంచిదే.

నాలుగో నెల మొదటి సోమవారం, బోర్డు మళ్ళీ ఎక్కించిన రోజు, ఎనిమిదింటికి షెడ్డు ముందు బ్రేకు చప్పుడు వినిపించింది. అక్క! ఈ రోడ్డు మీద ఇంకా రెండు షెడ్లున్నాయి, అయినా నా దగ్గరికే వచ్చింది. నేను అప్పటికే గేజీల పెట్టె దుమ్ము దులిపి, అద్దాలు తుడిచి పెట్టుకున్నాను. పరిగెత్తుకెళ్ళి ముందొకటి, వెనకొకటి బిగించాను. నా కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

"తొక్కు అక్కా!" అన్నాను. ట్రైలర్ చివరికి వెళ్ళి గేజీ చూశాను. "వెనక ఆరు పాయింటు ఏడు!"

క్యాబిన్ తలుపు తెరుచుకుంది. ఒక కాలు కింద పెట్టి, పైనున్న కడ్డీ పట్టుకుని, మోకాలు నొప్పికి మొహం చిట్లించుకుంటూ అక్క దిగింది. దిగితే పెడల్ మీంచి కాలు తీసినట్టే, గాలి పోవాలి. గేజీ ముల్లు కదల్లేదు. తరువాత చూస్తే తెలిసింది, సీటుకీ పెడల్‌కీ మధ్య సరిగ్గా పట్టేట్టు ఒక కర్ర కోయించుకుని తెచ్చుకుంది. రెండు చివరలా రబ్బరు కూడా తొడిగించింది, జారకుండా. ట్రైలర్ పొడుగునా నడిచొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, వంగి గేజీ చూసింది. ఆరు పాయింటు ఏడు. కళ్ళజోడు తీసి, నడుచుకుంటూ వెళ్ళి ఎక్కింది.

"వెళ్ళొస్తానురా" అంది కిటికీలోంచి. కోపంగా ఏమీ అనలేదు.

అప్పటినుంచి ముప్పై ఒక్క సోమవారాలు. నేను ఒక్క అంకె కూడా తప్పు చదవలేదు. ఆవిడ ఒక్కసారి కూడా దిగడం మానలేదు. వాన పడుతున్నా దిగుతుంది. టీ తాగుతుంది, పిల్లల గురించి చెబుతుంది, నా బీపీ ఎంతుందో అడుగుతుంది. నేను చెబితే, డాక్టరు చీటీ చూపించమంటుంది.

మోకాలు బాగా వాచిందని తెలిసి పోయిన వారం ఒక ఉపాయం చేశాను. పొడుగాటి గాలి గొట్టం కొనుక్కొచ్చి, ట్రైలర్ చివరి నుంచి క్యాబిన్ దాకా లాగి, వెనక గేజీని తెచ్చి ఆవిడ కిటికీ దగ్గరే పట్టుకుని నిలబడ్డాను. "ఇక దిగక్కర్లేదక్కా. కూర్చున్న చోటునుంచే చూసుకో. నేను చదవను కూడా చదవను" అన్నాను.

అక్క గేజీ చూసింది. గొట్టం వైపు చూసింది. కర్ర పెడల్‌కి ఆనించి, కడ్డీ పట్టుకుని దిగింది.

"మధ్యలో ఏముందో చూడాలి కదరా" అంది.

గొట్టం మీద చెయ్యి ఆనించి, దాని వెంటే ట్రైలర్ చివరిదాకా కుంటుకుంటూ నడిచింది. నేను గేజీ పట్టుకుని అక్కడే నిలబడ్డాను.